మా వదిన పాట, మావాళ్ళ కోరస్

ఎనభైల చివర్లోనూ తొంభైల మొదట్లోనూ ఆస్ట్రేలియా ఖండంలో ఎవరు ఏ మూల రేడియో తిప్పినా వినపడిన గొంతు మా వదినది. ఈ మాట నేను చెప్తే నమ్మినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఎందుకంటే ఆ గొంతు ఎప్పుడూ రెండో వరసలోంచి, మరెవరి పాట వెనకనుంచో, "ఊ" అనో "ఆ" అనో వినపడేది. వెన్న డబ్బా ప్రకటనలో "ఊ" ఆవిడదే. తివాచీల కొట్టు ప్రకటనలో "ఆ" ఆవిడదే. పాత కార్లు అమ్మే ఒక మహానుభావుడు టీవీలో బానెట్ మీద చెయ్యేసి నవ్వగానే, గంధర్వులు గుంపుగా దిగినట్టు వెనకనుంచి ఒక రాగం వచ్చేది. ఆ గుంపంతా మా వదినే. ఒక్కతే నాలుగుసార్లు పాడితే ఒకదానిమీద ఒకటి అతికించారు. కారు మాత్రం అమ్ముడుపోయింది. వదిన పేరు ఎవడికీ తెలియలేదు.

వదిన అంటే నా భార్యకి సొంత అక్క. బాపట్ల దగ్గర పుట్టి, గుంటూరులో నర్సింగు చదివి, సిడ్నీలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరింది. మా తోడల్లుడు ఓడల మీద ఇంజనీరు. ఏడాదిలో రెండు నెలలు నేలమీద, పది నెలలు నీళ్ళమీద ఉంటాడు. అందుచేత క్వేకర్స్ హిల్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న వాళ్ళింట్లో బల్బు మార్చడం దగ్గర్నుంచి వదినని స్టూడియోకి దింపడం దాకా సకల బాధ్యతలూ నా నెత్తినే పడ్డాయి. నాది మురుగుకాలవల పటాలు గీసే ఉద్యోగం. అంత కళాత్మకమైన పనిలో ఉన్నవాడికి సంగీతం మీద గట్టి అభిప్రాయాలుండటం సహజమే కదా.

ఆవిడ పాడేది సోల్ అనే రకం పాట. తెలియనివాళ్ళకి చెప్తాను. అది అమెరికాలో నల్లవాళ్ళ చర్చిల్లో పుట్టి, ఆరాధన అయిపోయాక కూడా ఇంటికి వెళ్ళనని మొండికేసి బజారున పడ్డ పాట. దేవుడితో ఎంత చనువుగా పోట్లాడుతుందో ప్రేమించినవాడితోనూ అంత చనువుగానే పోట్లాడుతుంది. వదినకి దాన్ని ఎవరూ నేర్పలేదు. వాళ్ళ ఊరి మిషను ఆసుపత్రిలో దొరసాని దగ్గర నాలుగు రికార్డులుండేవట. వాటిని వినీ వినీ, ఒక వైపు పూర్తిగా అరిగిపోయి సూది రెండో వైపు పాటలోకి దిగిపోయిందని నా భార్య చెప్పింది. నా భార్య అబద్ధం చెప్పదు. ఆ పని నాది. ఇక వదిన వంటింట్లో పాట ఎత్తుకుంటే కుక్కరు విజిలెయ్యడానికి సిగ్గుపడేది. వాళ్ళింట్లో నేను తిన్న ప్రతి అన్నమూ మాడన్నమే.

ఆవిడ్ని మొదట కనిపెట్టినవాడు ఒక రోగి. కాలు విరిగి, కట్టుతో పైకి వేలాడదీసి ఉన్నాడు. క్రిస్మస్ ముందు నర్సులంతా వార్డుల్లో తిరిగి పాటలు పాడుతుంటే, వెనక వరసలో ఉన్న వదిన గొంతు విని, కాలు వేలాడుతున్న సంగతి మర్చిపోయి మంచం దిగబోయాడు. రెండోసారి విరిగింది. ఇంతకీ ఆయన ఒక రికార్డుల కంపెనీలో పాటలు తయారుచేయించే మనిషి. నలభై ఏళ్ళవాడు, వెనక ఒక పిలక. మా ఇంట్లో ఆయన పేరు పిలకాయనే. కట్టు విప్పగానే వదినని స్టూడియోకి పిలిచాడు. పిలిచి ఎక్కడ నిలబెట్టాడు? వెనక.

అప్పట్నుంచి మొదలైంది నా అవస్థ. ఏ పాటగాడి రికార్డు వచ్చినా, బ్లాక్‌టౌన్ దాకా వెళ్ళి కొనుక్కొచ్చి, భూతద్దం పెట్టి అట్ట వెనక వెతికేవాణ్ణి. ముందు పాడినవాడి పేరు తాటికాయంత అక్షరాల్లో ఉండేది. తర్వాత గిటారువాడు, డప్పులవాడు, ఫొటో తీసినవాడు, జుట్టు దువ్వినవాడు, భోజనాలు తెచ్చినవాడు. ఆ భోజనాలవాడి కింద, చీమ కూడా కళ్ళజోడు పెట్టుకుని చదవాల్సిన అక్షరాల్లో మా వదిన. అదీ మూడు రికార్డుల మీద మూడు రకాలుగా. ఒకదాన్లో ఆవిడ్ని మగాణ్ణి చేశారు.

టీవీలో మరీ అన్యాయం. ఒక శనివారం సాయంత్రం పాటల కార్యక్రమంలో వదిన వస్తోందని మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో సగం కుటుంబాల్ని ఇంటికి పిలిచాను. వీసీఆర్‌లో కొత్త టేపు పెట్టాను. పాట మొదలైంది. ముందు ఒక కుర్రగాయకుడు జుట్టెగరేస్తున్నాడు. కెమెరా వాడి ముక్కు దగ్గరికి వెళ్ళింది, వాడి బూట్ల దగ్గరికి వెళ్ళింది, వాడి బూట్ల కింద నేల చూపించింది. ఒక్కసారి కుడిపక్కకి తిరిగింది.

"అదుగో అక్క!" అని నా భార్య కేకపెట్టింది.

"ఎక్కడ?" అన్నాను.

"ఆ మోచెయ్యి! ఆ గాజులు నేనే ఇచ్చా."

"డాడ్, దట్స్ నాట్ ఈవెన్ ఎ హోల్ ఎల్బో," అంది మా అమ్మాయి.

టేపు వెనక్కి తిప్పి ఆ మోచేతిని పదకొండుసార్లు చూశాం. వచ్చినవాళ్ళు భోంచేసి, "మీ వదినగారు భలే పాడారండీ" అని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మోచెయ్యి ఎక్కడన్నా పాడుతుందా?

ఇంత జరుగుతున్నా వదిన పల్లెత్తు మాట అనేది కాదు. డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం మార్చుకుని, స్టూడియోకి వెళ్ళి "ఊ" అనేసి వచ్చేది. ఒకరోజు మాత్రం వాళ్ళ పెరట్లో గోంగూర కోస్తూ, నావైపు చూడకుండా అంది.

"ఒక్కసారి మరిదిగారూ. నా పాట నేనే మొదలుపెట్టి, నేనే నడిపించి, నేనే ముగించాలి. మధ్యలో ఎవరూ రాకూడదు. నా వెనక ఎవరూ ఉండకూడదు, నేనూ ఎవరి వెనకా ఉండకూడదు. అంతకంటే ఏమీ వద్దు."

"అంతేనా వదినా? నేనున్నాగా," అన్నాను.

"అదే నా భయం," అంది.

అడిగినట్టే ఒక అవకాశం వచ్చింది కూడా. పిలకాయన ఒక్క పాట ఆవిడ పేరుమీదే తీశాడు. ఆవిడే రాసి ఆవిడే కట్టిన పాట. నిజంగా చెప్తున్నాను, అతిశయోక్తి కాదు, అది విన్న రోజు నేను మురుగుకాలవల పటంలో నీళ్ళని ఎగువకి పారించాను. క్యాసెట్టు అచ్చయి వచ్చింది. అట్టమీద ఎవరున్నారు? ఒంటె. వెనక సూర్యాస్తమయం, ముందు ఒంటె. పాడిన మనిషి ఇండియన్ కాబట్టి ఒంటె ఉంటే బాగుంటుందని కంపెనీలో బొమ్మల విభాగంవారి ఉద్దేశం. బాపట్లలో సర్కస్ వస్తే తప్ప ఒంటె మొహం చూసినవాడు లేడు. వదిన ఆ అట్టని చాలాసేపు చూసింది. "నాకంటే అందంగానే ఉంది లెండి," అంది.

దుకాణంలో దాన్ని ఎక్కడ పెట్టారో కనుక్కోవడానికి నాకు ముప్పావు గంట పట్టింది. సోల్ అరలో లేదు. రాక్ అరలో లేదు. చివరికి మూల అరలో, ఒత్తిడి తగ్గించుకోవడానికి వినే క్యాసెట్ల మధ్య దొరికింది. ఒక పక్క వాన చప్పుడు, మరో పక్క తిమింగలాల మూలుగులు, మధ్యలో మా వదిన. ఉన్న తొమ్మిది క్యాసెట్లనీ తీసి, దుకాణం గుమ్మానికి ఎదురుగా దేశంలో అందరికంటే ఎక్కువ అమ్ముడుపోయేవాళ్ళ అరలో, అందరికీ ముందు పేర్చాను. వారానికి రెండుసార్లు వెళ్ళి ఇదే సేవ. నాలుగో వారం కౌంటరు పిల్ల నా వెనక వచ్చి నిలబడింది.

"ఆర్ యూ ఆల్‌రైట్ దేర్, సర్?"

ఈ దేశంలో ఆ మాటకి అర్థం క్షేమసమాచారం కాదు, సంచీ తెరిచి చూపించమని. చూపించాను. దాన్లో వదిన క్యాసెట్లే నాలుగున్నాయి, అంతకుముందే డబ్బిచ్చి కొన్నవి. "ఈవిడ మా వదిన, ఈవిడ పాట తిమింగలాల పక్కన ఉండటం మానవజాతికే అవమానం," అని వివరించాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది. విని, తొమ్మిదీ తీసుకెళ్ళి మళ్ళీ తిమింగలాల పక్కనే పెట్టింది.

ఆ పాట ఎక్కడా వినపడకుండా చల్లగా మాయమైపోయింది. నేను పిలకాయనకి ఫోను చేశాను. చేశాను అంటే రోజుకొకసారి చేశాను. చివరికి ఆయన విసిగిపోయి ఇంగ్లీషులో చెప్పింది ఇది.

"చూడు మేట్, ఆవిడతో నిండు రికార్డు చెయ్యాలనే నాకూ ఉంది. పై వాళ్ళు ఒప్పుకోవడం లేదు. వెనక పాడేవాళ్ళు వేరు, ముందు నిలబడి హాలుని పట్టుకునేవాళ్ళు వేరంటున్నారు. మనుషులతో నిండిన ఒక్క హాల్లో ఆవిడ ఒంటరిగా నిలబడి పాడటం నన్ను చూడనివ్వు. పట్టుకోగలిగితే నేను పోట్లాడతాను."

మనుషులతో నిండిన హాలు! నాకు అంతకంటే సులువైన పని ఏముంది? తెలుగువాళ్ళకి బిర్యానీ ఉందని చెప్తే శ్మశానమైనా నిండుతుంది. పైగా డిసెంబరు మొదటివారం వస్తోంది, సెమీ క్రిస్మస్. అసలు క్రిస్మస్ దాకా ఆగలేక మూడు వారాల ముందే కేకు కోసేసి మావాళ్ళు చేసుకునే పండగ అది. సిడ్నీలోనూ మానలేదు. నలభై డిగ్రీల ఎండలో, రేకుల కప్పున్న స్కూలు హాల్లో, పట్టుచీరల్లో చెమటలు కక్కుతూ చేసుకుంటున్నాం. ఆ కార్యక్రమంలో స్పెషల్ సాంగ్ అని ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎవరో ఒకరు ముందుకొచ్చి ఒంటరిగా పాడతారు. అయ్యగారిని, అంటే మా పాస్టరుగారిని, వెళ్ళి అడిగాను.

"అయ్యగారూ, ఈసారి స్పెషల్ సాంగ్ మా వదినకివ్వండి. రికార్డుల కంపెనీ ఆయన వస్తున్నాడు. హాలు నిశ్శబ్దంగా ఉండాలి."

"దానికేం బాబూ, నేను చెప్తాగా," అన్నారాయన. మంచిమనిషి. ఆయన చెప్తే నిశ్శబ్దంగా వినే అలవాటు ఆ హాలుకి లేదన్న సంగతి ఆయనకి తెలియదు.

ఇక్కడ నా తెలివితేటల గురించి చెప్పుకోవాలి. వదిన పాట ఇంగ్లీషులో ఉంది. హాల్లో సగంమంది ఇండియా నుంచి చూడ్డానికొచ్చిన అమ్మలూ నాన్నలూ. పాట అర్థంకాకపోతే వాళ్ళు బిర్యానీలో ముక్కల గురించి మాట్లాడుకుంటారు. పిలకాయన ముందు పరువు పోతుంది. అందుకని ఒక మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని, ఆ ఇంగ్లీషు పాటని తెలుగక్షరాల్లో ముత్యాల్లా రాసి, కింద తాత్పర్యం రాసి, నూట ఇరవై కాగితాలు జిరాక్సు తీశాను. వాళ్ళు చదువుకుంటూ చక్కగా వింటారని నా ఊహ. రాసేటప్పుడు చిన్నప్పటి అలవాటుకొద్దీ మా పాటల పుస్తకంలో ఉన్నట్టే రాశాను. పైన పల్లవి. కింద ఒకటి, రెండు, మూడు అని చరణాలు. ఒక్కొక్క చరణం చివర రెండు నిలువుగీతల మధ్య పల్లవి మొదటి మాట. మా పుస్తకంలో ఆ గీతలకి ఒకటే అర్థం. అందరూ కలిసి మళ్ళీ పల్లవి ఎత్తుకోమని.

ఈ నిలువుగీతలు గీసినవాణ్ణి నేనే. తర్వాత నేను ఎవరెవరిని తిట్టుకున్నా ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు పిలకాయన వచ్చాడు. మూడో వరసలో కూర్చోబెట్టాం. ఆంటీలు ఆయనకి ఒకదాని తర్వాత ఒకటి మూడు కేకు ముక్కలు పెట్టారు. వదిన బూడిదరంగు చీర కట్టుకుని వేదిక పక్కన నిలబడి ఉంది. చేతులు చల్లగా ఉన్నాయని నా భార్యతో అంటుంటే విన్నాను. నలభై డిగ్రీల ఎండలో.

అయ్యగారు మైకు పట్టుకున్నారు. "ఇప్పుడు మన సహోదరి ప్రత్యేక గీతం పాడతారు. అందరూ నిశ్శబ్దంగా ఉండండి. కాగితాలు అందాయి కదా? వెనక అందనివాళ్ళు చెయ్యెత్తండి. పిల్లల్ని కూర్చోబెట్టండమ్మా. అందరూ కాగితం చూస్తూ ఏకీభవించండి."

ఏకీభవించండి! మా చర్చిల్లో ఆ మాటకి అర్థం, కలిసి పాడండని. అప్పటికే ఆలస్యమైపోయింది.

వదిన మొదలుపెట్టింది. వాయిద్యం ఏదీ లేదు. మొదట పల్లవి, మెల్లగా, ఎదురుగా ఉన్న ఒక్క మనిషికి చెప్తున్నట్టు పాడింది. తర్వాత మొదటి చరణం. ఇక్కడ నేను పెంచి చెప్పదలుచుకోలేదు. ఫ్యానుల చప్పుడు వినపడింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. వదిన గొంతు ఒక మెట్టు ఎక్కి, అక్కడ నిలబడి, ఇంకో మెట్టు ఉందా లేదా అని ఆలోచించి, ఉందని ఎక్కింది. పిలకాయన ముందుకి వంగాడు. చేతిలో కేకు అలాగే ఉంది. నేను దేవుడికి చాలా పెద్ద పెద్ద మాటలిచ్చాను.

చరణం అయిపోయింది. నిలువుగీతలు వచ్చాయి.

మొదటి వరసలో డోలక్ అంకుల్ ఉంటారు. గుంటూరు రైల్వేలో పనిచేసి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినాయన. ఆయనా ఆయన డోలక్కూ విడివిడిగా కనపడటం నేను చూడలేదు. కాగితం మీద నిలువుగీతలు కనపడగానే ఆయన చెయ్యి ఆయన్ని అడక్కుండానే డోలక్ మీద పడింది. ఆ దెబ్బతో నూట ఇరవైమందీ, ఒక్కడు తక్కువ కాకుండా, ఆ ఇంగ్లీషు పల్లవిని గుంటూరు జిల్లా యాసలో ఎత్తుకున్నారు.

నేను గోడపక్కనుంచి లేచి రెండు చేతులూ ఊపాను. ఆపండి, ఆపండి అని. పాట నడిపిస్తున్నాననుకుని ఇంకా గట్టిగా పాడారు. కిందకి నొక్కినట్టు చూపిస్తే నెమ్మదించమని అర్థం చేసుకుని సాగదీశారు. సాగదీసేసరికి పాట కిందకి జారడం మొదలుపెట్టింది. మావాళ్ళకి ఉత్సాహం ఎంత ఉంటుందో శ్రుతి అంత ఉండదు. పల్లవి సగానికొచ్చేసరికి హాలు మొత్తం అర మెట్టు కిందికి దిగిపోయింది. పడవలో నీళ్ళు వచ్చినట్టు.

అప్పుడు వదిన ఏం చేసిందో చెప్పాలి. గొంతు పెంచి వాళ్ళని తొక్కెయ్యొచ్చు. ఆవిడ గొంతుకి ఆ శక్తి ఉంది. చెయ్యి ఎత్తితే డోలక్ ఆగేది. ఆవిడ రెండూ చెయ్యలేదు. ఒక్క క్షణం హాలుని విన్నది. మైకునుంచి అర అడుగు వెనక్కి వేసింది. ముందు పాట వాళ్ళకి వదిలేసి, దాని కిందికి దిగి, ఆ కింది స్వరాన్ని పట్టుకుని మొత్తం నూట ఇరవైమందినీ మెల్లగా పైకి ఎత్తింది. రెండో పల్లవికల్లా అందరూ శ్రుతిలో ఉన్నారు. మూడో పల్లవికి ఆ హాలు పాడినంత అందంగా ఏ హాలూ పాడి ఉండదు. వదిన గొంతు మాత్రం ఎక్కడుందో వెతుక్కోవాలి.

పాట అయ్యాక చప్పట్లు కొట్టారు. ఎవరికి వాళ్ళు.

బిర్యానీ వరసలో పిలకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. కారమో, పాటో నాకు తెలియలేదు.

"నా జీవితంలో ఇంత గొప్ప వెనకగొంతు వినలేదు," అన్నాడు. "ఆ గుంపుని అంతసేపట్లో ఎలా లేపింది? నా దగ్గర మూడు రికార్డులున్నాయి. మూడింటికీ ఆవిడే కావాలి."

"మరి ఆవిడ సొంత రికార్డు?"

ఆయన చెంచా కింద పెట్టాడు. "ముందు నిలబడే మనిషి పోట్లాడుతుంది మేట్. ఈవిడ సాయం చేసింది."

"అది మావాళ్ళ తప్పయ్యా! కాగితం నాది! గీతలు నావి!" అని నేను గొడవకి దిగాను. నా వెనకే పళ్ళెం పట్టుకుని వదిన నిలబడి ఉంది. మొత్తం విన్నది. పళ్ళెం బల్లమీద పెట్టి కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేటప్పుడు నేను క్షమించమన్నాను. నా భార్య వెనక సీట్లోంచి, "ఈయన్ని జిరాక్సు మిషను దగ్గరికి వెళ్ళనివ్వకూడదక్కా," అంది.

"కాగితం సంగతి వదిలెయ్యండి," అంది వదిన. "వాళ్ళు కిందికి పోతున్నారు మరిదిగారూ. వింటూ ఊరుకోలేకపోయా. ఇన్నేళ్ళనుంచి చేస్తున్న పనే కదా, ఒళ్ళు అదే చేసేసింది. ఆ పిలకాయన అన్నది నిజమే. అదే నాకు మండుతోంది."

ఆవిడ గొంతులో కోపం నేను మొదటిసారి వినడం అదే. హాల్లో ఆ కోపంలో సగమన్నా చూపించి ఉంటే బాగుండేదనుకున్నాను. అనుకుని, ప్రాణంమీద తీపికొద్దీ పైకి అనలేదు.

మర్నాడు ఆవిడే పిలకాయనకి ఫోను చేసింది. మూడు రికార్డులకీ వెనక పాడతానంది. ఒక షరతు. పని అయ్యాక ఒక్కొక్క రోజు ఒక గంట స్టూడియో తనకి వదిలెయ్యాలి. లోపల తనూ, మీటలు నొక్కేవాడూ తప్ప ఎవరూ ఉండకూడదు. "ముఖ్యంగా మా మరిదిగారు," అని కూడా చెప్పిందట. ఏడాదిలో ఆరు పాటలు అయ్యాయి. వెనక గొంతు అనేదే లేదు, తన గొంతు కూడా. అట్టమీద ఒంటెకి బదులు తన ఫొటో పెట్టింది. కంపెనీవాళ్ళు మాకొద్దంటే తన డబ్బుతోనే అచ్చు వేయించింది. దుకాణాలు ఎక్కడ పెట్టాలో తెలియదన్నాయి. చివరికి క్యాసెట్లన్నీ మా గరాజుకి వచ్చాయి. అక్కణ్ణుంచి ఫెలోషిప్‌లో ప్రతి ఇంటికీ ఒక్కొక్కటి చేరింది.

ఇక విజయం అనుకున్నాను. మూడు వారాలయ్యాక డోలక్ అంకుల్ చర్చి బయట నన్ను పట్టుకున్నారు.

"మీ వదిన క్యాసెట్టు బ్రహ్మాండంగా ఉందయ్యా! రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని దాంతోపాటు పాడుకుంటున్నాం. మూడో పాటకి డోలక్ కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. పాపం, అందులో వాయిద్యం సరిగ్గా లేదు కదా, ఆ లోటు నేను పూడ్చా."

కనుక్కుంటే ప్రతి ఇంట్లోనూ ఇదే వైభవం. ఒక ఆంటీ కారులో పాడుకుంటోంది. ఒక అంకుల్ స్నానాలగదిలో. ఒకరింట్లో పిల్లల పుట్టినరోజుకి వేసి, పాతికమంది కలిసి పాడారట. దేశంలో ఎవరూ కొనని క్యాసెట్టుకి ఇంతమంది గాయకులు! నేను తలబాదుకున్నాను. బాదుకుని వదినకి చెప్పాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. "ఈ ఆదివారం కారు తియ్యండి," అంది.

చర్చి అవగానే డోలక్ అంకుల్ ఇంటికి వెళ్ళాం. ఆయనా, ఆంటీ, కొడుకూ, కోడలూ అందర్నీ హాల్లో సోఫాలో వరసగా కూర్చోబెట్టింది. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సు ఎలా నిలబడుతుందో అలా నిలబడింది.

"అంకుల్, ఈ ఒక్కసారికి నోరు మూసుకుని వినాలి. డోలక్ ఆ గదిలో పెట్టేసి రండి. ఆంటీ, కాఫీ తర్వాత. ఎవరూ లేవకూడదు."

"అదేంటమ్మా, వింటూనే ఉన్నాంగా రోజూ."

"కూర్చోండంకుల్."

కూర్చున్నారు. వదిన మీట నొక్కి, వాళ్ళకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పాటని కాదు, వాళ్ళ నోళ్ళని చూస్తూ. మొదటి పల్లవి దగ్గర ఆంటీ పెదాలు కదిలాయి. వదిన వేలు ఎత్తింది. ఆగిపోయాయి. రెండో పల్లవి దగ్గర కొడుకు గొంతు సవరించుకున్నాడు. వదిన వాడివైపు చూసింది. వాడు దగ్గినట్టు నటించాడు. గోడకి ఆనుకుని నేను నా జేబురుమాలు నోట్లో కుక్కుకుని ఉన్నాను, ఎందుకంటే నాకూ ఆ పల్లవి దగ్గర ఆగడం ప్రాణాంతకంగా ఉంది. ఒక వైపు మూడు పాటలూ మొదలై, నడిచి, ముగిశాయి. మధ్యలో ఎవరూ రాలేదు. టేపు టక్కున ఆగింది.

అంకుల్ కళ్ళజోడు తీసి పంచెతో తుడిచారు.

"ఏమ్మా," అన్నారు. "ఇంత బాగా పాడతావని ఇన్నాళ్ళూ మాకు తెలియనే లేదేం?"

"ఇన్నాళ్ళూ మీరు పాడుతున్నారు కదంకుల్," అంది వదిన.

ఆయనకి కోపం రాలేదు. ఆలోచించి, "రెండో వైపు కూడా వెయ్యమ్మా," అన్నారు. వదిన క్యాసెట్టు తిప్పి పెట్టింది. నాలుగో పాట ఎత్తుగడలోనే ఆయన కుడిచేతి వేళ్ళు తొడమీద లేచాయి. వదిన చూసింది. ఆయన గబగబా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటిమీద బరువుగా కూర్చున్నారు.